ఇల్లాలి అష్టావధానము

ఇల్లాలిని అష్టావధాని యని మెచ్చుకొనుట మన యిండ్లలో వాడుక. పొయ్యిమీద పాలు, చంకలో బిడ్డ, వాకిట కూరలబండి, చెవియొద్ద ఫోను, లోపలినుండి పెద్దవారి పిలుపు. వీని నన్నిటిని ఒక్కతెయే ఒక్క గడియలో సరిపెట్టుచున్నది గావున ఆ మెప్పు తగినదే యని లోక మనుకొనును. ఆ మాట విని మేమును చాలకాలము పొంగిపోయితిమి. కాని మా యింట జరిగిన యొక సంగతి ఆ పొంగు నణచి, అసలు మనస్సు ఒక్కమాఱు ఎన్ని పనులను పట్టగలదు, అవధాను లెట్లు పట్టుచున్నారు అను విషయములను విచారించునట్లు చేసినది. ఆ విచారమున మాకు తెలిసినదానిని సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము.

మా యత్తగారికి మధుమేహము, వాడుకలో షుగరు. ఉదయము ఫలాహారమునకు ముందు ఒక మాత్ర వేసికొనవలెను. ఆనాడు మాత్ర యిచ్చి మంచినీళ్ల గ్లాసు అందించునంతలో పాలు పొంగినవి. పొయ్యి ఆర్పి వచ్చునంతలో ఫోను మ్రోగినది. మాటలాడుచుండగనే బడికి పోవలసిన పిల్లవాడు లెక్క తెలియలేదని పుస్తకము తెచ్చి ముందు పెట్టినాడు. అన్నియు ముగించుకొని తిరిగి చూడగా మాత్రల అట్ట బల్లమీదనే యున్నది. ఇచ్చితిమో లేదో యెంత తలచుకొన్నను జ్ఞప్తికి రాలేదు. ఇయ్యలేదనుకొని మఱల నిచ్చితిమి. ఆమె మాయందలి నమ్మకముచేత మాఱుమాటాడక మ్రింగిరి. ప్రొద్దెక్కుసరికి ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడజొచ్చినది. వెంటనే నీళ్లలో పంచదార కలిపి త్రాగించి వైద్యునియొద్దకు తీసికొనిపోయితిమి. ఆయన సాయంకాలమువఱకు కనిపెట్టియుండి, ఆపద గడచిన దని ఇంటికి పంపిరి. ఆమె కోలుకొనిరి గాని మాకు ఆ రాత్రి కన్ను మూతపడలేదు. ఇన్ని పనులు చేయుచుండగా ఒకటి తప్పిన నేమి యని సరిపుచ్చుకొనుటకు వీలగు తప్పు కాదది.

మఱునాడు అత్తగారే మాకు ధైర్యము చెప్పుచు, “అమ్మాయీ, నెల్లూరిలో అష్టావధానము చూచితిమి గదా! అంతటి అవధానిగారినైనను ఎనమండుగురు ఒక్కసారిగా అడిగిరా? ఒకరి తరువాత ఒకరే గదా అడిగినది. నిన్ను మేమందఱము ఒక్కసారే అడిగితిమి” అనిరి. ఆ మాటయే మాకు దారి చూపినది.

అవధానమను సంస్కృతపదమునకు మనస్సును ఒక విషయమునందు నిలుపుట యని యర్థము. ఎనిమిది విషయములందు నిలిపిన అది అష్టావధానము. నూఱింటియందు నిలిపిన శతావధానము. తెలుగుదేశమున మాడభూషి వేంకటాచార్యులవారి వంటివారు ముందుగా నడచిన యీ బాటలో, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును (1870–1950) తిరుపతి వేంకటకవులను జంటపేరుతో సంస్థానములందును పట్టణములందును అవధానములు సలిపి, ఈ విద్యను పామరులు సైతము ముచ్చటించుకొనునట్లు చేసిరి. సహస్రావధానిగా పేరొందిన గరికిపాటి నరసింహారావుగారికి 2022లో పద్మశ్రీ బిరుదము లభించినది. స్త్రీలలో బులుసు అపర్ణగారు శతావధానము నిర్వహించి, ఇది పురుషులకు మాత్రమే చెల్లు విద్య కాదని చూపిరి.

అష్టావధానసభలో అవధాని చుట్టును ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు విపరీతార్థము గల పద్యపాద మొకటి యిచ్చి తక్కిన పాదములను పూరింపు మందురు, ఇది సమస్య. ఒకరు పొత్తు కుదరని నాలుగు మాటలిచ్చి, వానిని చొప్పించి భారతార్థమునో రామాయణార్థమునో పద్యముగా చెప్పుమందురు, ఇది దత్తపది. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని యొక్కొక్క యక్షరము పలుకగనే తరువాత రాగల యక్షరము నూహించి దానిని నిషేధించుచుండును. ఒకరు వర్ణన కోరుదురు. ఒకరు నడుమ నడుమ గంట కొట్టుచుందురు. సభ ముగియువేళకు ఎన్ని గంటలు మ్రోగినవో అవధాని చెప్పవలెను. వీరందఱిని మించినవాడు అప్రస్తుతప్రసంగి. పద్యము సాగుచుండగా సంబంధము లేని ప్రశ్నలు వేసి అవధాని మనస్సును చెదరగొట్టుటయే అతని పని.

మేము సభలో కూర్చుండి చూచునపుడు ఎనిమిదియు నొక్కసారిగా జరుగుచున్నట్లే తోచినది. తరువాత నెమ్మదిగా తలపోయగా వేఱుగా తెలిసినది. అవధాని మొదటి వరుసలో పద్యము కోరిన ప్రతివారికి ఒక్కొక్క పాదమే చెప్పును. రెండవ వరుసలో రెండవ పాదము, మూడవ వరుసలో మూడవది, నాలుగవ వరుసలో నాలుగవది. అన్నియు ముగిసిన పిదప పద్యములను మొదటినుండి చివరివఱకు వరుసగా అప్పగించును. దానినే ధారణ యందురు. ఒక క్షణమున ఆయన నోట నున్నది ఒక పద్యము మాత్రమే. తక్కినవి తమ వంతునకై కాచుకొనియుండును. కాచుకొనియున్నవి జాఱిపోకుండుటయే ఆయన గొప్ప.

మనస్సు ఒక్కమాఱు ఒక్కదానినే పట్టునను మాట మన శాస్త్రములకు క్రొత్త గాదు. జ్ఞానములన్నియు గుంపుగా గాక ఒకదాని వెంట నొకటిగా కలుగుటను బట్టియే మనస్సను ఇంద్రియ మొకటి కలదని యూహింపవలెనని గౌతముని న్యాయదర్శనము బోధించుచున్నది. దీనికి ఆక్షేపముగా నైయాయికులు మన వంటయింటి వస్తువునే చెప్పుకొనిరి. పొడవైన చక్కిలము కొఱికినప్పుడు దాని రూపము, వాసన, కరకరధ్వని, స్పర్శ, రుచి అన్నియు ఒక్కసారే తెలియుచున్నవి గదా యని ప్రశ్న. లేదు, ఒకదాని వెంట నొకటి మిక్కిలి వేగముగా కలుగుటచే ఒక్కసారి యని భ్రమ పడుచున్నాము. నూఱు తామరరేకులను దొంతిపెట్టి సూదితో గ్రుచ్చినప్పుడు అన్నియు నొక్కసారే తూటుపడినట్లు తోచును గాని ఒకదాని తరువాత నొకటియే తూటుపడును గదా యని సమాధానము. పిల్లలు కొఱవికట్టెను గిరగిర త్రిప్పగా నిప్పుచక్రము కనబడుట మనమెల్ల చూచినదే. చక్రము లేదు; తిరుగుచున్న నిప్పుకణ మొక్కటియే కలదు. ఇల్లాలి యష్టావధానమును అట్టి చక్రమే.

నేటి మనశ్శాస్త్రజ్ఞులు ఈ వేగమునకు వెల కట్టిరి. 1927లో అమెరికాలో ఆర్థర్ జెర్సిల్డ్ అనునతడు అంకెల పట్టికలిచ్చి, మొదట ఒకే విధమగు లెక్కను, పిదప ఒక అంకెకు కూడిక, మఱు అంకెకు తీసివేత మార్చిమార్చి చేయించి కాలము కొలిచెను. మార్చిమార్చి చేయునప్పుడు ఎక్కువ కాలము పట్టినది. పాఠకురాండ్రు దీనిని ఇంటనే పరీక్షించుకొనవచ్చును. అచ్చులలో మొదటి పదింటిని గడగడ చదువుడు. తరువాత ఒకటినుండి పదివఱకు లెక్కించుడు. ఇప్పుడు అ–ఒకటి, ఆ–రెండు, ఇ–మూడు అని కలిపి చెప్పి చూడుడు. చెప్పినవి ఆ యిరువదియే. కాలము మాత్రము పెరుగును, నాలుక తొట్రుపడును. ఒక పనినుండి మఱియొకదానికి మరలునపుడు మెదడు మొదటిదాని నియమమును విడిచి రెండవదాని నియమమును తెచ్చుకొనవలెను. దానికి క్షణమో అరక్షణమో పట్టును. రోజునకు వందలసార్లు మరలినచో ఆ క్షణములన్నియు కూడి అలసటయై కూర్చుండును.

ఇంకొక చిక్కు కలదు. విడిచినపని పూర్తిగా విడువదు. సగములో నాపి మఱియొకదానికి పోయినచో మనస్సులో కొంత భాగము మొదటిదానికే తగులుకొని యుండునని సోఫీ లెరాయ్ అను పండితురాలు 2009లో ప్రకటించిరి. బట్టలు నానవేసి బజారునకు పోయినదానికి కాలు బజారులో, మనస్సు పెరటిలో నుండుట మనకు పరిచితమే.

మఱి మా యింట మాత్ర యెందులకు మఱపునకు వచ్చినది? దీనికి 2010లో పారిసు నగరమున షారోన్, కెష్లాన్ అను నిరువురు చేసిన పరిశోధన మాకు సమాధానమైనది. మెదడును చిత్రించు యంత్రములో మనుష్యులను పరుండబెట్టి, ఒక పనిని నడుమ నాపి వేఱొక పని చేసి మఱల మొదటిదానికి రమ్మనిరి. అప్పుడు నుదుటి వెనుకనున్న మెదడుభాగము కుడియెడమలుగా పంచుకొని, ఒకప్రక్క ఒక లక్ష్యమును, రెండవప్రక్క రెండవ లక్ష్యమును నిలుపుకొనినట్లు కనబడినది. మూడవ పని చేర్చగనే తప్పులు హెచ్చినవి. మూడింటిలో ఒకటి జాఱిపోవుచు వచ్చినది. ఆనాడు మాకు పాలు, ఫోను, లెక్క అను మూడు చేరినవి. అన్నిటికంటె నిశ్శబ్దముగా నున్నది మాత్ర. పాలు పొంగి పిలుచును, ఫోను మ్రోగి పిలుచును, పిల్లవాడు కొంగు లాగి పిలుచును, మాత్ర పిలువదు. పిలువని పనియే మొదట జాఱిపోవునని గ్రహించితిమి.

చెవి సంగతియు నిట్టిదే. 1953లో కోలిన్ చెర్రీ అను ఆంగ్లేయుడు ఒక చెవిలో ఒక ప్రసంగమును, రెండవ చెవిలో వేఱొక ప్రసంగమును వినిపించి, ఒకదానినే వెంటనంటి పలుకుమనెను. రెండవ చెవిలో ఏమి చెప్పబడినదో విన్నవారికి తెలియలేదు. ఆ భాష నడుమ ఇంగ్లీషునుండి జర్మనునకు మారినను కనిపెట్టలేకపోయిరి. అయినను అట్లు వినని చెవిలోనే తన పేరు పలికినచో కొందఱు పట్టుకొందురని 1959లో నెవిల్ మోరే చూపెను. ఇరుగుపొరుగుల సందడిలో మన బిడ్డ యేడుపు మనకు ప్రత్యేకముగా వినబడుటకు కారణమిదియే. మనస్సు తలుపు మూసినను, తనకు ముఖ్యమైనదానికి చిన్న కిటికీ తెఱచియుంచును.

ఇట్లైనచో అవధానులు చేయునది యెట్లు? మూడు సాధనములు మాకు కనబడుచున్నవి. మొదటిది మూట కట్టుట. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు. నాలుగు పాదములకు 80. వీనిని విడివిడిగా మోయుట యెవ్వరికిని సాధ్యము గాదు. అప్పటికప్పుడు మనస్సు పట్టగల విడివస్తువులు ఏడింటికి అటునిటు నుండునని 1956లో జార్జి మిల్లర్ వ్రాసెను; సుమారు నాలుగే యని 2001లో నెల్సన్ కోవన్ సవరించెను. కాని పద్యము విడియక్షరములు గాదు. గణములు దానికి నడక నిచ్చినవి. పదవ యక్షరమున యతి, రెండవ యక్షరమున ప్రాస దానికి ముడులు వేసినవి. గుప్పెటలో పట్టని వడ్లగింజలు గోతములో కుట్టినచో భుజముమీదికి వచ్చును గదా! మొదటిపాదములోని ప్రాసాక్షరము స్ఫురించినచో తక్కిన మూడు పాదములకు పట్టుకొమ్మ దొరకినట్లే.

రెండవది అభ్యాసము. 1976లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఇద్దఱు విద్యార్థులచే కథలు చదివించుచునే, చెప్పిన మాటలను వ్రాయించిరి. తొలుత చదువు కుంటుపడినది. కొన్ని వారముల సాధనతో మునుపటివలెనే చదువుచు వ్రాయగలిగిరి. మనకు రోటిపచ్చడి నూఱుచు ముచ్చటలాడుట, చిక్కుడుకాయ లొలుచుచు పురాణము వినుట సాధ్యమగుట ఇందువలననే. అలవాటుపడిన చేయి మనస్సును అడుగదు. కాని పురాణము వినుచు చాకలిపద్దు కూడలేము. రెండును మనస్సునే కోరును గనుక.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. అవధాని పద్యమును పాదాంతమున విడుచును. చేతిలోని పాదము ముగించి, ముడివేసి, అవ్వలివారివైపు తిరుగును. అప్రస్తుతప్రసంగి నడుమ చొరబడినను, ఒక చమత్కారముతో తీర్చి, ఆగిన యక్షరమునకే తిరిగివచ్చును. పైగా పృచ్ఛకులందఱు వంతు పాటింతురు. సభాధ్యక్షుడు సభను నడపును. మనము పాదాంతమున విడువము. మాట నడుమ, ముద్ద నడుమ, మాత్ర నడుమ విడిచిపోవుదుము. మనకు అధ్యక్షుడు లేడు, చుట్టునున్నవారందఱు అప్రస్తుతప్రసంగులే.

మా సంగములో నీటిమాట చెప్పక తప్పదు. మా యూర పెన్నమీద పూర్వపు ఆనకట్టకు బదులుగా కట్టిన క్రొత్త బ్యారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. ఎంత పెద్ద కట్టడమైనను, నీరు కొఱతపడిన యేట తూములన్నియు నొక్కసారి యెత్తినచో కాలువ చివరి పొలమునకు చుక్క చేరదు. వంతు పెట్టినప్పుడే చివరి మడియు తడియును. ఇది రైతు లెల్ల రెఱిగినదే. మనస్సును అట్టి కొలతపడిన నీరే.

స్త్రీల మెదడు పుట్టుకచేతనే పెక్కుపనులకు తగినదని కొందఱందురు. 2019లో జర్మనీలో 48 మంది స్త్రీలను, 48 మంది పురుషులను ఒకే విధముగా పరీక్షింపగా, పనులు మార్చుటలో గాని, రెండు పనులు కలిపి చేయుటలో గాని ఇరుతెగలకును భేదము కనబడలేదు. ఇరువురును ఒకే విధముగా ఆలస్యమైరి, ఒకే విధముగా తప్పులు చేసిరి. కావున “నీవు అష్టావధానివి, నీకది సులభమే” యను మెప్పు తెలిసియో తెలియకయో మనపై మఱియొక బరువు వేయుటకు దారియగుచున్నది. మెప్పు పుచ్చుకొని వంతు పోగొట్టుకొనుట మనకు లాభము గాదు.

ఇది స్త్రీల మాట మాత్రమే కాదు. నెల్లూరు–ఆత్మకూరు బాటలో మెడవంచి భుజమునకును చెవికిని నడుమ ఫోను నొక్కిపట్టి మోటారుసైకిలు నడపు పురుషులను నిత్యము చూచుచున్నాము. ఫోను చేతబట్టినను, చేతబట్టక చెవిలోనే విన్నను, మాటలలో పడినవాడు దారిలోని సంజ్ఞలను తప్పిపోవుననియు, చేతులు ఖాళీగా నున్నంత మాత్రమున ఆ యపాయము తగ్గదనియు 2001లో స్ట్రేయర్, జాన్స్టన్ అనువారు నిరూపించిరి. 2010లో 200 మందిని పరీక్షింపగా, రెండు పనులను లోపము లేకుండ కలిపి చేయగలిగినవారు నూటికి 2.5 మంది మాత్రమే. మనమందఱము ఆ రెండున్నరలోనివారమే యని నమ్ముట అవివేకము.

ఆ నాటినుండి మా యింట కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. వారమునకు ఏడు గదులు గల మాత్రల పెట్టె కొని తెచ్చితిమి. గది ఖాళీయైనచో మాత్ర వేసినట్లే. మా జ్ఞప్తిని నమ్మక పెట్టెను నమ్ముచున్నాము. మాత్ర యిచ్చు రెండు నిమిషములు ఇంట నెవ్వరును మమ్ము పిలువరాదు. ఆ వేళ ఫోను మ్రోగిన మ్రోగనిత్తుము. పొయ్యి వెలిగించియుండగా ఫోను చేత పట్టము. ఉదయము పిల్లవాని లెక్కలు తండ్రివంతు. ఊరి పిల్లలకందఱికి పాఠము చెప్పువారు తమ పిల్లవానికి చెప్పుట న్యాయమే గదా. పని నడుమ తప్పనిసరిగా లేవవలసివచ్చినచో ఎక్కడ ఆపితిమో గుఱుతుపెట్టి లేచెదము: ఉప్పు వేసినచో ఉప్పుడబ్బా మూత తీసి ప్రక్కన నుంచుట, పద్దు ఆపినచోట గీటు పెట్టుట. ఇవి చిన్నవే, కాని ప్రాసాక్షరమువలె తిరిగివచ్చుటకు పట్టుకొమ్మలు. చేతిపనికి మనోవ్యాపారమును జతపఱతుము గాని, రెండు మనోవ్యాపారములను జతపఱపము. రాత్రి పరుండుటకు ముందు ఆనాటి పనులను ఒక్కమాఱు వరుసగా తలచుకొందుము. అది మా ధారణ.

ఇవియన్నియు ఒక్కనాట కుదిరినవి కావు. మొదటి వారమున అందఱును మఱచి పిలుచుచునే యుండిరి. మేమును వాడుకచొప్పున సగము పని విడిచి పరుగిడుచునే యుంటిమి. అత్తగారు మాత్రము పట్టు విడువలేదు. ఇప్పుడు మా యింట అవధానసభకు అధ్యక్షురాలు ఆమెయే. నిన్న ఉదయము మేము మాత్రలపెట్టె మూత తీయుచుండగా పిల్లవాడు వాకిటనుండి “అమ్మా!” యని కేకవేసినాడు. అత్తగారు చేయెత్తి వానిని ఆపి, గ్లాసులోని నీళ్లు చివరి గుక్కవఱకు త్రాగి, పెట్టె మూసి మా చేతికిచ్చి, “పాదము ముగిసినది; ఇక నీ వంతు, అడుగరా” అనిరి.